ఊదని రెండో విజిల్

ఫిబ్రవరి, రెండో ఆదివారం. ఉదయం పదకొండు గంటలు. గోదావరిఖని, మా కాలనీ బాస్కెట్‌బాల్ గ్రౌండు.

హాజరైనవాళ్లు: మా కాలనీ ఆడపిల్లలు ఐదుగురు. ఆరో అమ్మాయికి జ్వరం. బసంత్‌నగర్ నుంచి జీపులో వచ్చిన ఆడపిల్లలు ఎనిమిది మంది. స్కోరు పుస్తకం దగ్గర మా బావ. రెఫరీలు ఇద్దరు, నేను, టీచరమ్మ. చూడడానికి వచ్చిన తల్లిదండ్రులు ఇరవై ఆరు మంది.

రావలసి ఉండి రానివాళ్లు: రెఫరీలు ముగ్గురు.

ఆ రోజు డైరీలో ఇంతవరకు ఆట మొదలుకాక ముందే రాశాను. గనిలో ఓవర్‌మన్‌గా పనిచేసిన రోజుల్లో కిందికి దిగేముందు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని రాసుకునేవాణ్ణి. రిటైరయి పన్నెండేళ్లయినా ఆ అలవాటు పోలేదు. మిగతాది ఆ సాయంత్రం రాశాను. ఇప్పుడు ఆ పేజీలు ముందు పెట్టుకుని, అందులో లేనివి కూడా కలిపి రాస్తున్నాను.

ముందు ఆ రాని ముగ్గురి సంగతి చెప్పాలి. మొదటి అతను ఓపెన్‌కాస్టు గనిలో పనిచేస్తాడు. ఆదివారం సెలవే కానీ, సెలవు రోజున డ్యూటీ పడితే జీతం ఎక్కువ వస్తుంది. దాన్ని మా దగ్గర ప్లేడే అంటారు. ప్లేడే దొరికిన మనిషిని పిల్లల ఆటకు రమ్మని అడగడానికి నాకు నోరు రాదు. రెండో అతనికి మందమర్రికి బదిలీ అయింది. రెండు ఆదివారాలు బండి మీద వచ్చాడు, ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. మూడో అతను దసరా తర్వాత ఒక ఆట నడిపించి బయటికి వెళ్లేసరికి బండి రెండు టైర్లలోనూ గాలి లేదు, సీటు బ్లేడుతో కోసి ఉంది. ఎవరు కోశారో అక్కడున్న సగం మందికి తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. "పన్నెండేండ్ల పోరగాండ్ల ఆటకు గింత పగనా కాకా" అని, మెడలో విజిల్ తీసి నా చేతిలో పెట్టి, బండి నెట్టుకుంటూ వెళ్లిపోయాడు. పంక్చరు షాపు దాకా నేనూ వెనక నుంచి నెట్టాను.

ఇక మిగిలింది మేమిద్దరం. మా ఆదివారం ఆటలకు ఒక నియమం ఉంది. రెఫరీలు ఇద్దరు లేకపోతే ఆట లేదు. ఆ నియమం పెట్టించింది నేనే. అంతకు ముందు ఏడాది ఒక ఆట నేనొక్కణ్ణే నడిపాను. నేను బంతి వెంట పోతుంటే నా వీపు వెనక ఎవరో ఒక పిల్లవాణ్ణి తోశారు. వాడు రింగు స్తంభానికి తగిలి పడ్డాడు, మోచెయ్యి విరిగింది. దవాఖానలో వాళ్ల అమ్మ "ఎవరు తోసిన్రు?" అని అడిగింది. నేను చూడలేదని చెప్పాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మర్నాడు కమిటీని కూర్చోబెట్టి ఆ నియమం రాయించి సంతకాలు తీసుకున్నాను. ఆ కాగితం చూశాకనే కంపెనీ వెల్ఫేరు ఆఫీసు గ్రౌండును మళ్లీ మాకు ఇచ్చింది. కాబట్టి ఆ ఫిబ్రవరి నాటికి లెక్క తేలిక. టీచరమ్మ మానేస్తే పిల్లలకు ఆదివారం ఆట లేదు.

టీచరమ్మ మా కాలనీ బడిలో ముప్పై ఏళ్లు పిల్లలకు ఆటలు నేర్పింది. తండ్రీ, భర్తా ఇద్దరూ గని కార్మికులే. వయసు అరవై రెండు దాటింది. ఆదివారం చర్చి కాగానే ఇంటికి పోయి తెల్లచీర మార్చుకుని, ట్రాక్ ప్యాంటు మీద బూడిదరంగు చొక్కా తొడుక్కుని, కుడి మోకాలికి పట్టీ చుట్టుకుని వచ్చేది. ఆమె కోసమే ఆటలను తొమ్మిది నుంచి పదకొండుకు జరిపాం. ఎండ ముదురుతుందని తల్లులు గొణిగారు. "ఎండకు భయపడెటోళ్లు గీ ఊర్ల ఎందుకున్నరమ్మా?" అని నవ్వింది.

ఆ ఏడాది ఆటలు మొదలైన రోజునే నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పింది. "అన్నా, కుడికన్ను జర మసకైతాంది. డాక్టరు పొర వస్తాందన్నడు. నాకు కనబడనిది నువ్వు చెప్పాలె. చెయ్యి లేపు, నేను ఆపుత. మనిద్దరం మాట్లాడుకున్నంకనే బంతి మల్ల ఆటకిద్దాం."

"అట్లనే చెల్లె" అన్నాను. రూలు పుస్తకంలో కూడా అదే ఉంది. ఇద్దరు రెఫరీల్లో ఒకరికి కనబడనిది రెండోవారు వెంటనే చెప్పాలి, బంతి మళ్లీ ఆటలోకి రాకముందే దిద్దుకోవాలి. ఆ వాక్యం కింద నేను ఎర్ర పెన్నుతో గీత గీసి పెట్టుకున్నాను. కొత్తవాళ్లు ఎవరైనా నేర్చుకోవడానికి వస్తే ముందు అదే చదివి వినిపించేవాణ్ణి.

ఆ రోజు ఆట మొదటి నుంచీ గరంగరంగానే ఉంది. పిల్లలు కాదు, పెద్దలు. మా జట్టులో ఐదో నంబరు చొక్కా అమ్మాయికి పదమూడేళ్లు. జట్టు మొత్తానికి ఆ పిల్లే ఆధారం. ఆమె తండ్రి డంపరు ఆపరేటరు. ఆ ఆదివారం ప్లేడే వదులుకుని బిడ్డ ఆట చూడడానికి వచ్చాడు. గీత అవతల నిలబడాల్సిన మనిషి మాటిమాటికీ గీత మీదికి వస్తున్నాడు.

"ఓ కాకా, నీ విజిల్ల గాలున్నదా లేదా?"

"గాలున్నది. నువ్వు లైను ఎనుకకు జరుగు" అన్నాను.

"జరుగుత కని, గా టీచరమ్మకు అద్దాలు కొనియ్యరాదు. చందాలేస్తం."

జనం నవ్వారు. టీచరమ్మ విననట్టే ఉంది. మా బావ స్కోరు బల్ల దగ్గర నుంచి నన్ను కూడా వదల్లేదు. "బావా, వాళ్లు గోలు గొట్టి, నేను పుస్తకంల రాసి, పెన్ను మూత పెట్టిన. నువ్వింక సగం కాడనే ఉన్నవ్." మా బావ గనిలో బొగ్గు తొట్లు లాగే హాలేజీ దగ్గర చేసిన మనిషి. ఆ యంత్రాల మోత పక్కన ఇన్నేళ్లుండి చెవులు సగం పోయాయి. విజిల్ అతనికి వినపడదు, మా చేతులు చూసి రాసుకుంటాడు. బాస్కెటును గోలు అనొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినపడనట్టే ఉంటాడు. సమయం అయిపోగానే, బల్ల పక్కన వేలాడదీసిన రైలుపట్టా ముక్కను సుత్తితో కొడతాడు.

చివరి రెండు నిమిషాలు. మా కాలనీ పిల్లలు ఒక్క పాయింటు ముందున్నారు. ఐదో నంబరు అమ్మాయికి అప్పటికే నాలుగు ఫౌళ్లు. ఐదో ఫౌలు పడితే ఇక ఆ ఆటలో ఆడడానికి లేదు. మాకు బదులు దించడానికి ఆరో అమ్మాయి లేదు. ఈ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

బసంత్‌నగర్ అమ్మాయి ఒకతి బంతి పట్టుకుని రింగు కిందికి దూసుకొచ్చి ఎగిరింది. అటు నుంచి మా ఎనిమిదో నంబరు, ఇటు నుంచి మా ఐదో నంబరు ఇద్దరూ అడ్డుకోవడానికి లేచారు. నేను సరిగ్గా రింగు కింద, వాళ్ల ముఖాలకు ఎదురుగా ఉన్నాను. ఎనిమిదో నంబరు అమ్మాయి అరచెయ్యి బంతి వేసే అమ్మాయి మణికట్టు మీద పడింది. చప్పుడు కూడా విన్నాను. ఐదో నంబరు పిల్ల రెండు చేతులూ నిటారుగా పైకెత్తి, ఎవరినీ తాకకుండా దిగింది. నా చేతిలో విజిల్ నోటి దాకా వచ్చింది. అంతలోనే టీచరమ్మ ఊదింది.

ఆమె వెనక వైపు నుంచి చూస్తోంది. ఆమెకు కనిపించింది మూడు వీపులు. పిడికిలి పైకెత్తి, బల్ల వైపు తిరిగి, ఐదు వేళ్లు చూపించింది.

"ఐదో నంబర్! ఐదో ఫౌల్!" మా బావ అరిచాడు.

ఆ పిల్ల ఏడవలేదు. బంతిని కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది. "తాతా, నేను కాదు. నువ్వు చూసినవ్ కద."

టీచరమ్మ కూడా నా వైపు చూసింది. అడుగుతున్న చూపు అది. బంతి ఇంకా ఆటలోకి రాలేదు. నేను చెయ్యి పైకెత్తితే చాలు. పది సెకన్ల పని.

"రెఫరీ చెప్పింది కద బిడ్డా. పో, కూసో" అన్నాను. బంతి అందుకుని గీత దగ్గరికి నడిచాను.

ఎందుకు అలా చేశానో చెప్పాలంటే గని సంగతి చెప్పాలి. నేను ఓవర్‌మన్ అయిన కొత్తలో నాకు పని నేర్పిన పెద్దమనిషి ఒక పద్ధతి చెప్పాడు. పదీ పదిహేను మంది కార్మికులకు బాధ్యుడు సర్దారు. అతని మీద ఓవర్‌మన్. కింద సర్దారు చెప్పింది నీకు తప్పనిపించినా, ప్రాణం మీదికి వచ్చేది కాకపోతే, కార్మికుల ముందు తీసెయ్యొద్దు. ఇవాళ నువ్వు అతని మాట తీసేస్తే, రేపు పైకప్పు చప్పుడు విని 'బయటికి ఉరకండి' అని అతను అరిచినప్పుడు వాళ్లు ఒక్క క్షణం ఆలోచిస్తారు. ఆ ఒక్క క్షణం చాలు. కాబట్టి ఏదున్నా పైకి వచ్చాక, తలదీపాలు అప్పజెప్పే ల్యాంపు రూము దగ్గర, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడుకోవాలి.

నేను దాన్ని ముప్పై ఏళ్లు పాటించాను. ఒకసారి ఒక సర్దారు పైకప్పుకు ఆనించే చెక్క స్తంభాలు దూరం దూరంగా పెట్టించాడు. నేను కార్మికుల ముందు ఒక్క మాట అనకుండా, ఇంకేదో పని పేరు చెప్పి మధ్యలో మరి రెండు పెట్టించాను. పైకి వచ్చాక అతనికి చెప్పాను. చనిపోయేదాకా అతను నాకు తమ్ముడిలా ఉన్నాడు. ఆ పద్ధతి తప్పని నాకు ఎప్పుడూ అనిపించలేదు. గ్రౌండులో రూలు వేరే అని తెలుసు, ఎర్ర గీత గీసింది నేనే. కానీ ఆ క్షణంలో నా చెయ్యి లేవలేదు. ఇరవై ఆరు మంది ముందు ఆమె మాట తీసేస్తే ఆమె విజిల్‌కు ఇక విలువ ఉండదనిపించింది. ఆట అయ్యాక చెబుదాం, పుస్తకంలో దిద్దుదాం అనుకున్నాను.

బసంత్‌నగర్ అమ్మాయి రెండు ఫ్రీ త్రోలూ వేసింది. మావాళ్లు నలుగురే మిగిలారు. రెండు నిమిషాల్లో మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. బావ రైలుపట్టా కొట్టాడు.

ఆ మోత ఆగకముందే డంపరు ఆపరేటరు గ్రౌండు మధ్యలోకి వచ్చాడు.

"ఏమమ్మా, కండ్లు కనబడకపోతె చర్చిల కూసొని పాటలు పాడుకోరాదు? గీడికెందుకొచ్చి మా పిల్లల పానం తీస్తవ్?"

"నాకు కనబడ్డది నేను చెప్పిన" అంది టీచరమ్మ.

"ఏం కనబడ్డది? ఏం కనబడ్డది నీకు? నా బిడ్డె చెయ్యి తాకిందా? చెప్పు!"

"బాపూ, ఒద్దు. పోదాం పా" అంటూ ఆ పిల్ల వెనక నుంచి చొక్కా పట్టి లాగింది. అతను విదిలించుకున్నాడు. ఆ విసురులోనే టీచరమ్మ మెడలో ఉన్న విజిల్ తాడు పట్టి గుంజాడు. తాడు వెంటనే తెగలేదు. ఆమె మెడ ముందుకు వంగింది. రెండో గుంజుకు తెగింది. అతను విజిల్‌ను గోడ అవతలి మురికికాల్వలోకి విసిరేశాడు.

"ఆడామె మీద చెయ్యేస్తవా బద్మాష్!" మా బావ సుత్తి పట్టుకునే లేచాడు.

"చెయ్యెయ్యలే పెద్దాయనా. విజిల్ గుంజిన. గంతే."

అప్పుడు నేను వాళ్ల మధ్యకు వెళ్లాను. ఆలస్యంగా వెళ్లాను. అతను నన్ను చూసి గొంతు తగ్గించాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. గౌరవంగానే అడిగాడు. "కాకా, నువ్వు చెప్పు. నువ్వు కిందనే ఉన్నవ్. నీ మాట ఎవలన్న కాదంటరా? నా బిడ్డె కొట్టిందా?"

అందరూ ఆగి చూస్తున్నారు. కాదు అంటే, ఇంత చేసిన మనిషిని అందరి ముందు గెలిపించినట్టు. అవును అంటే అబద్ధం. పది సెకన్ల పనిని వదిలేసినందుకు నాకు రెండే దారులు మిగిలాయి.

"ఇక్కడ కాదు. తర్వాత ఆఫీసుల మాట్లాడుదాం" అన్నాను.

"ఆఫీసా? ఏ ఆఫీసు కాకా?"

గీత అవతల నుంచి ఎవరో అన్నారు, "కాక ఇంక బాయిలనే ఉన్నడు, పైకి రాలే." మా దగ్గర గనిని బాయి అంటారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో అతను కూడా కలిసి, బిడ్డ రెక్క పట్టుకుని వెళ్లిపోయాడు. ఇరవై ఆరు మందిలో ఒక్కరు కూడా టీచరమ్మ దగ్గరికి రాలేదు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు అందులో నలుగురైదుగురు ఉన్నారు.

అందరూ పోయాక ముగ్గురం మిగిలాం. టీచరమ్మ బల్ల మీద కూర్చుని చేతి రుమాలు తడిపి మెడకు ఒత్తుకుంది. మెడ పక్కన ఎర్రగా గీత తేలింది.

"అన్నా, నీకు కనబడ్డదా?"

"కనబడ్డది."

"ఎవలు?"

"ఎనిమిదో నంబరు."

ఆమె రుమాలు మడత విప్పి మళ్లీ మడిచింది. "మరి చెయ్యెందుకు లేపలే?"

"అందరి ముంగట నీ మాట తీసేసినట్టయితదని. ఆటైనంక చెప్దామనుకున్న."

"నా ఇజ్జత్ కోసమా?"

"అవ్ చెల్లె."

"మిగిలిందా అన్నా?"

బావ కల్పించుకున్నాడు. "పోనియ్ చెల్లె. తాగినోని తీరుగ ఒర్రిండు వాడు. వానితోని మనకేంది?"

"వాడు తాగలే అన్నా. వాడు అడిగింది కరెక్టే" అంది. లేచి నిలబడి, మోకాలి పట్టీ విప్పి మళ్లీ బిగించి చుట్టుకుంది. "వచ్చే ఐతారం సంగతి రేపు పొద్దుగాల చెప్త. ఇప్పుడు మాట్లాడితె నోటికి ఏదొస్తె అదంట."

ఆ సాయంత్రం స్కోరు పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. ఐదో నంబరు ఎదురుగా ఉన్న చివరి ఫౌలును కొట్టేసి, ఎనిమిదో నంబరు వరుసలో రాసి, పక్కన సంతకం పెట్టాను. ఆట ఫలితం మార్చడానికి నాకు అధికారం లేదు, దాన్ని అలాగే ఉంచాను. తర్వాత డైరీలో ఇలా రాశాను: 'టీచరమ్మ చెప్పింది తప్పు. నాకు కనబడింది. చెప్పలేదు. ఆమె అడిగింది, పిల్ల అడిగింది, తండ్రి అడిగాడు. ముగ్గురికీ చెప్పలేదు.'

దాని కింద మరుసటి రోజు చెయ్యాల్సిన పనులు రాసుకున్నాను. ఆ తండ్రిని కలిసి నిజం చెప్పాలి. తప్పు నాదని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక, టీచరమ్మ దగ్గరికి వచ్చి తప్పైందని ఒక మాట చెప్పమని అడగాలి. అతన్ని వెంటబెట్టుకుని వెళ్తే ఆమె మెత్తబడుతుందని అనుకున్నాను. టీచరమ్మ ఉంటే వచ్చే ఆదివారం ఆట ఉంటుంది. నా ఆలోచనంతా దాని చుట్టే తిరిగింది.

సోమవారం పొద్దున ఐదూ ముప్పావుకు క్వార్టర్ల మూలమలుపు దగ్గర నిలబడ్డాను. ఫస్టు షిఫ్టు బస్సు అక్కడే ఆగుతుంది. ఏడెనిమిది మంది ఆపరేటర్లు టిఫిను డబ్బాలతో ఉన్నారు. అతను వాళ్ల మధ్యలో ఉన్నాడు. నన్ను చూసి పక్కకు వస్తాడనుకున్నాను. రాలేదు. నేనే దగ్గరికి వెళ్లాను.

"ఒక్క మాట. పక్కకు రా."

"ఈడనే చెప్పు కాకా. అందరు మనోళ్లే."

ఈసారి పక్కకు తీసుకెళ్లి మాట్లాడే అర్హత నాకు లేదనిపించింది. అక్కడే చెప్పాను. "నిన్నటి ఫౌలు నీ బిడ్డది కాదు. నేను చూసిన. ఆ టైముల చెప్పాల్సింది, చెప్పలే. తప్పు నాది. టీచరమ్మ ఎనుక నుంచి చూసింది, ఆమెకు అట్ల కనబడ్డది."

అతను ఒక్క క్షణం నా ముఖం చూశాడు. తర్వాత మిగతావాళ్ల వైపు తిరిగాడు. "ఇన్నరా? నేనేం చెప్పిన నిన్న? నా బిడ్డె ముట్టలే అన్ననా లేదా?"

"అన్నవ్, అన్నవ్" అన్నారు ఎవరో.

"నువ్వన్నది నిజమే. కని ఆమె మెడ మీద గీత పడ్డది. అరవై ఏండ్ల మనిషి. నాతోని వచ్చి ఒక్క మాట చెప్పు. నీ చిన్నప్పుడు నీకు కూడ ఆటలు నేర్పింది."

"తప్పు ఆమెదని నువ్వే అంటివి. మల్ల నన్నే మాట చెప్పుమంటివి. గిదేం లెక్క కాకా?"

"తప్పు నాదంటున్న."

"గట్లైతె నువ్వే పోయి చెప్పు." అతని గొంతులో వెటకారం లేదు. అతనికి నిజంగానే అలా అనిపించింది. "నేను ప్లేడే ఇడిసిపెట్టి వచ్చిన. నా బిడ్డె ఐదు మందిల ఒక్కతి, బయట కూసున్నది. నీకు తెలుసు, నువ్వు చూసుకుంట నిలబడ్డవ్. ఆ విజిల్ నీ మెడల నుంచి గుంజాల్సింది."

బస్సు వచ్చింది. ఎక్కబోతుంటే అడిగాను. "మరి వచ్చే ఐతారం నువ్వు పట్టు విజిల్. నేను నేర్పుత."

"నాకా? ఐతారం ప్లేడే ఉన్నది" అన్నాడు. తలుపు దగ్గర నిలబడి లోపలివాళ్లకు ఏదో చెప్పాడు. బస్సు కదిలేటప్పుడు నవ్వులు వినిపించాయి.

ఏడు గంటలకు టీచరమ్మ ఇంటికి వెళ్లాను. ముందు గదిలో ఆమె భర్త మంచం మీద కూర్చుని దగ్గుతున్నాడు. పొద్దున పూట ఆ దగ్గు అరగంట పైనే ఉంటుంది. ఆమె నన్ను బయట అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ తెచ్చి ఇచ్చి, ఎదురుగా పీట మీద కూర్చుంది. మెడకు చీర కొంగు చుట్టుకుని ఉంది.

బస్సు దగ్గరికి వెళ్లొచ్చానని చెప్పాను. దాచకుండా అంతా చెప్పాను.

"అందరి ముంగట చెప్పినవా?"

"చెప్పిన."

"నిన్న చెప్పాల్సింది అన్నా." కొంగు మెడ మీదికి సర్దుకుంది. "వాడు తిట్టిండని కాదు. ముప్పై ఏండ్లల మస్తు మంది తిట్టిన్రు. నా కన్ను సంగతి నీకొక్కనికే చెప్పిన. ఈయనకు సుత చెప్పలే. నాకు కనబడకపోతె నువ్వున్నవని ఊదిన. ఇగ ఊదలేను. ఊదినప్పుడల్లా నీ దిక్కు చూసి, నువ్వు ఊకుంటె, కరెక్టని ఊకున్నవా, నా ఇజ్జత్ కాపాడుతానవా అని అనుకోవాలె. గట్ల ఆట నడువది."

"ఇంకోసారి అట్ల కాదు చెల్లె."

"నువ్వు అబద్ధమాడవ్. నాకెరుక. కని నీ చెయ్యి లేవది అన్నా. గన్ని ఏండ్ల అలవాటు."

లోపలికి వెళ్లి, ఉతికి మడత పెట్టిన బూడిదరంగు చొక్కా తెచ్చి నా పక్కన పెట్టింది. తర్వాత భర్తకు వేడినీళ్లు ఇవ్వడానికి మళ్లీ లోపలికి వెళ్లింది. చాయ్ తాగేసి, గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను.

ఎనిమిదికి ఇంటికి తిరిగి వస్తుంటే, కిరాణా కొట్టు దగ్గర బడి ఆటో కోసం నలుగురైదుగురు పిల్లలు నిలబడి ఉన్నారు. ఐదో నంబరు అమ్మాయి నన్ను చూసి ముందుకు వచ్చింది.

"తాతా, బాపు ఫోన్ చేసిండు. ఫౌలు నాది కాదని చెప్పినవట."

"అవ్ బిడ్డా. పుస్తకంల సుత దిద్దిన."

"మరి నిన్న నేనడిగితె?"

చొక్కాను ఇంకో చేతిలోకి మార్చుకున్నాను. ఆమె నా చేతిలో ఉన్న చొక్కా వైపు చూసింది. అది ఎవరిదో ఆ పిల్లకు తెలుసు.

"వచ్చే ఐతారం ఎవలతోని ఆట?"

"ఆట లేదు."

"ఎప్పటిదాంక?"

"రెఫరీలు ఇద్దరు దొరికేదాంక."

ఆటో వచ్చింది. పిల్లలంతా ఎక్కి ఇరుక్కుని కూర్చున్నారు. ఆ అమ్మాయి చివర కూర్చుని, పక్కనున్న పిల్లకు నా మాట చెప్పింది. "ఎందుకే?" అని ఆ పిల్ల అడగడం వినిపించింది. ఈ అమ్మాయి ఏం చెప్పిందో ఆటో చప్పుడులో నాకు వినపడలేదు.